ముద్దనూరు స్టేషనులో దిగిన యువ మిషనరీ: ఆయన ఎవరి తెలుగు నేర్చుకున్నారు?

ఉపోద్ఘాతము

మన సంఘముల చరిత్ర వ్రాయునప్పుడు మనము సాధారణముగా మూడు సంగతులు వ్రాస్తాము. ఫలాని మిషనరీ ఏ సంవత్సరములో వచ్చారు, ఏ దేవాలయము లేక పాఠశాల కట్టించారు, ఎప్పుడు స్వదేశమునకు తిరిగి వెళ్లారు లేక ఎక్కడ సమాధి చేయబడ్డారు. అయితే ఆయన వచ్చిన దినమునకును, తెలుగులో మొదటి ప్రసంగము చేసిన దినమునకును మధ్య ఏమి జరిగినది? ఈ ప్రశ్న మనము ఎక్కువగా అడుగము. ఆ మధ్యకాలము కొన్ని నెలలు కాదు, ఒకటి రెండు సంవత్సరములు. ఆ కాలములో ఆ యువకుడు ప్రసంగీకుడు కారు, నాయకుడు కారు, కేవలము విద్యార్థి. ఆయనకు ఉపాధ్యాయులు మన వారే.

కడప జిల్లాలోను, దాని చుట్టుపట్ల తెలుగు దేశములోను పనిచేసిన యువ మిషనరీల దినచర్యను ఈ వ్యాసములో మేము పరిశీలించుచున్నాము. వారు ఎవరి దగ్గర తెలుగు నేర్చుకున్నారు, ఏ తెలుగు నేర్చుకున్నారు, దాని ఫలితము మన సంఘముల మీద ఎట్లున్నది అనునవి మా ప్రశ్నలు. ఇది గతమునకు మాత్రమే సంబంధించినది కాదు. నేడు మన సంఘముల నుండి యౌవనస్థులు ఒడిశాకు, ఉత్తర భారతమునకు, గిరిజన ప్రాంతములకు సేవకు వెళ్లుచున్నారు. వారిని పంపు కాపరులకు ఈ చరిత్ర అవసరము.

రైలు దిగిన తరువాత

మద్రాసు నుండి వాయవ్య దిక్కుగా వేయబడిన రైలు మార్గము కడప మీదుగా సాగి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు మార్గముతో కలిసినది. ముద్దనూరు ఆ మార్గము మీది స్టేషను. జమ్మలమడుగుకు మాత్రము చాలాకాలము రైలు లేదు. నంద్యాల, ఎర్రగుంట్ల మార్గము 2016లో తెరవబడిన తరువాతనే ఆ ఊరికి రైలు వచ్చినది. కనుక పందొమ్మిదవ శతాబ్దము చివరి దశాబ్దములలో జమ్మలమడుగు మిషనుకు వెళ్లవలసిన వారికి ముద్దనూరే వాకిలి. అక్కడ దిగి, ఇరవై కిలోమీటర్లకు అటు ఇటుగా ఎద్దుల బండి మీద ప్రయాణము చేసి, పెన్న దాటి ఊరు చేరవలెను.

ఆ బాట సంగతి ఈ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. ఎండకాలములో దుమ్ము. వాన పడితే నల్లరేగడి చక్రములకు పట్టుకొని బండి కదలదు. పెన్నకు నీరు వస్తే ఒడ్డున ఆగవలసినదే. లండనులోనో ఎడిన్‌బరోలోనో చదువు ముగించి వచ్చిన యువకుడు ఆ బండిలో కూర్చున్నప్పుడు, బండివాడు ఎద్దులతో మాట్లాడు మాటలే ఆయన విన్న మొదటి కడప తెలుగు. ఆ భాష ఆయన వెంట తెచ్చుకున్న పుస్తకములో ఉండదు.

పుస్తకము లేని కాలము

మొదట వచ్చిన వారికి ఆ పుస్తకము కూడా లేదు. 1795లో ఏర్పడిన లండన్ మిషనరీ సొసైటీ తెలుగు వారి మధ్యకు పంపిన మొదటివారు జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అను ఇద్దరు. వారు 1805లో విశాఖపట్టణము చేరారు. అంతకు ముందే మద్రాసులో బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకొని వాక్యమును తర్జుమా చేసినను, ఆయన తెలుగు వ్యాకరణము వ్రాతప్రతిగానే మిగిలిపోయినది. ఆంగ్లములో తెలుగు వ్యాకరణములు అచ్చు కావడము 1814లో విలియం కేరీతోను, 1816లో ఎ. డి. క్యాంబెల్‌తోను మొదలైనది. కనుక క్రాన్, డి గ్రాంజ్‌లు మనుష్యుల నోటి నుండియే భాషను నేర్చుకున్నారు. పాఠశాల తెరిచారు, పిల్లలకు చెప్పుచు తాము నేర్చుకున్నారు.

వారికి గొప్ప సహాయము ఆనందరాయరు అను క్రైస్తవుడైన బ్రాహ్మణుని ద్వారా కలిగినది. డి గ్రాంజ్ సువార్తల తర్జుమాలో ఆయన తోడు నిలిచారు. క్రాన్ 1809 జనవరిలో, డి గ్రాంజ్ 1810 జూలైలో మరణించారు. వచ్చి అయిదేండ్లు నిండక ముందే ఇద్దరూ సమాధిలో ఉన్నారు. అయినను మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. 1818లో ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన క్రొత్త నిబంధన మద్రాసులో వెలువడినది. విత్తినవారు పంట చూడలేదు.

కడపలో 1822లో లండన్ మిషను పని విలియం హోవెల్‌తో మొదలైనది. అదే సమయములో ఆ పట్టణములో మరియొక యువకుడు తెలుగుతో కుస్తీ పట్టుచున్నారు. ఆయన మిషనరీ కారు. కలకత్తాలో చాప్లెయినుగా పనిచేసిన డేవిడ్ బ్రౌన్ కుమారుడైన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో ఇరవై రెండవ ఏట కలెక్టరు కచేరీలో ఉద్యోగిగా కడపకు వచ్చారు. తరువాత ఆయన వ్రాసిన వ్యాకరణము (1840), నిఘంటువు (1852) దాదాపు ప్రతి మిషన్ బంగళాలోను చేరినవి. బ్రౌన్ తన సంపాదనలో చాలా భాగము పండితులకు, వ్రాయసకాండ్రకు జీతములుగా ఇచ్చి తాళపత్రములను సేకరింపజేశారు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలములోనే నేడు సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము ఉన్నది. మన విద్యార్థులు తప్పక చూడవలసిన స్థలము.

ఒక దినము

తరువాతి తరముల మిషనరీల ఉత్తరముల నుండి, జ్ఞాపకముల నుండి మనకు తెలియు సాధారణ దినచర్య ఇట్లున్నది. ఎండ ముదరక ముందే లేచి ప్రార్థన, వాక్య ధ్యానము. ఆ తరువాత వరండాలో మున్షీతో పాఠము. మున్షీ చదువుతారు, యువకుడు తిరిగి చదువుతారు. ‘ర’కును ‘ఱ’కును, ‘ల’కును ‘ళ’కును భేదము పలుకవలెను. ఒక పద్యము, ఒక కథ, ఒక అర్జీ. 1873లో మచిలీపట్నపు మిషనరీ ఎ. హెచ్. ఆర్డెన్ వ్రాసిన వ్యాకరణము వెలువడిన తరువాత ఆ పాఠములకు ఒక క్రమము ఏర్పడినది. మధ్యాహ్నము కిటికీలు మూసి, పంకా క్రింద పాఠము అప్పగించుకొనుట, ఇంటికి ఉత్తరములు వ్రాయుట. ఇంటి నుండి జవాబు రావడానికి వారములు, మొదటి తరములవారికైతే నెలలు పట్టేది. సాయంకాలము ఉపదేశకునితో కలిసి పల్లెకో సంతకో వెళ్లుట. అక్కడ ఆయన మాట్లాడరు, వింటారు. ఆదివారము ఆరాధనలో కూర్చుంటారు, పాట ఎత్తినప్పుడు గొంతు కలుపుతారు.

మొదటి సంవత్సరాంతమున ఒక పరీక్ష, రెండవ సంవత్సరాంతమున మరియొకటి. పెద్ద మిషనులలో అవి తీర్చకుండ పూర్తి బాధ్యత ఇచ్చేవారు కారు. పట్టా పుచ్చుకొని వచ్చిన వానిని మరల అ ఆ ల దగ్గర కూర్చోబెట్టడము దీనత్వము నేర్పు శిక్షణ. పల్లె పిల్లలు నవ్వుతారు. వంటవాడు అర్థము చేసుకొనక వేరొకటి తెస్తాడు. మన పెద్దలు ఆయనను దొర అని పిలిచినను, భాష విషయములో దొరతనము మన వారిదే.

ఇందులో దుఃఖము కూడా ఉన్నది. 1841లో రాబర్ట్ నోబుల్‌తో కలిసి మచిలీపట్నము పనికి బయలుదేరి వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ పల్లెలు తిరిగి ప్రకటించుటకు ఇష్టపడిన యువకుడు. 1845లో భార్యను పోగొట్టుకున్నారు. ఆరోగ్యము చెడి స్వదేశము చేరి 1848లో ముప్పది ఒకటవ ఏట మరణించారు. నోబుల్ మాత్రము 1865లో మరణించు వరకు ఒక్కసారియైనను ఇంటికి తిరిగి వెళ్లలేదు. జ్వరము, విరేచనములు, కలరా, ఒంటరితనము, వీటి మధ్యనే పాఠము సాగినది.

రెండు తెలుగులు

ఇక్కడ మా ముఖ్యమైన మాట చెప్పవలెను. ఉదయము వరండాలో నేర్చుకున్న తెలుగు వేరు, సాయంకాలము పల్లెలో విన్న తెలుగు వేరు.

మున్షీలుగా దొరికినవారు ఎక్కువగా అగ్రవర్ణముల పండితులు. వారు నేర్పినది గ్రాంథికము. కాని కడప, కర్నూలు ప్రాంతములలో 1850ల నుండి గుంపులుగా సువార్తను అంగీకరించినవారు ముఖ్యముగా మాలపల్లెల వారు. పండితుడు ‘వచ్చుచున్నాడు’ అని నేర్పితే, పల్లెలో ‘వచ్చాండాడు’ అన్నారు. ‘ఎక్కడికి పోవుచున్నావు’ అని చదివి వచ్చిన వానిని ‘యాడికి పోతాండావు’ అని పలుకరించారు. పుస్తకములో నాగలి, చేనిలో మడక. పండితునికి పల్లెలో అడుగు పెట్టు అలవాటు లేదు, పల్లెవానికి పండితుని వరండా ఎక్కు హక్కు లేదు. ఆ రెండింటి మధ్య ప్రతి దినము నడిచినవాడు ఈ పరదేశి యువకుడు ఒక్కడే. ఆయన వెంట నడిచిన ఉపదేశకుడు మరియొకడు.

భేదము మాటలలోనే కాదు, పనిలో కూడా ఉన్నది. విత్తువాని ఉపమానములో విత్తనము చల్లబడుచున్నది, అందుకే కొన్ని త్రోవప్రక్కను పడుచున్నవి. మా ప్రాంతపు నల్లరేగడి మెట్టలో జొన్న, కొర్ర విత్తు రైతు చేతితో చల్లడు. గొర్రు కట్టి, జడ్డిగములో గింజలు పోసి, సాళ్లలో పడునట్లు విత్తుతాడు. ఆ రైతుకు గింజ త్రోవలో ఎందుకు పడినదో ముందు చెప్పవలెను. ఈ సంగతి ఏ మున్షీయు చెప్పలేడు. చేనిగట్టు మీద నిలిచి చూచినవానికే తెలుస్తుంది.

ఈ రెండు తెలుగులను కలుపుటకు ప్రయత్నించిన వారు లేకపోలేదు. 1911 వరకు కడప జిల్లాలోనే ఉండిన మదనపల్లెలో పనిచేసిన అమెరికన్ ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ ఛాంబర్లెయిన్ 1860లో ఇరవై అయిదవ ఏట వచ్చారు. 1863లో తోటి స్వదేశ సహాయకులతో కలిసి నిజాము రాజ్యము మీదుగా గోదావరి అరణ్యముల వరకు సుమారు 1200 మైళ్లు ప్రయాణము చేసి సువార్త ప్రకటించారు. ప్రజల నోట ఉన్న వేమన పద్యముల విలువను ఆయన ఎరిగినవారు. తరువాత తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షత వహించారు. ఊరూరు తిరిగినవాడు తర్జుమా బల్ల దగ్గర కూర్చున్నాడు, ఇది గమనింపదగినది.

వైద్యులకైతే వేరే దారి లేదు. జమ్మలమడుగులో లండన్ మిషను వైద్యుడు డాక్టర్ టి. వి. క్యాంబెల్ 1890ల తొలి సంవత్సరములలో పని ప్రారంభించారు. ఆయన పేరుతోనే క్యాంబెల్ ఆసుపత్రి ఏర్పడినది. రోగి గ్రాంథికములో బాధ చెప్పుకొనడు. ‘కడుపు నొస్తాంది’, ‘పానం బాగలేదు’ అంటాడు. పానము అనగా ఇక్కడ ప్రాణము మాత్రమే కాదు, ఒంటి ఆరోగ్యము అని తెలియని వైద్యుడు ఏమి చికిత్స చేయగలడు? ఆసుపత్రి వరండా ఈ ప్రాంతములో మంచి భాషా పాఠశాల అయినదని మేము భావించుచున్నాము.

అయితే మొత్తము మీద గెలిచినది ఉదయపు పాఠమే. తర్జుమాలు, ప్రార్థన క్రమములు, ప్రసంగములు పండితుని తెలుగులోనే స్థిరపడినవి. దీనికి కారణము లేకపోలేదు. బైబిలును ఊరి పెద్దలు తక్కువగా చూడకూడదని మిషనరీలు తలంచారు. పల్లె సంఘములు కూడ ఆ గౌరవమును కోరుకున్నవి. తమకు అంతవరకు మూయబడిన పుస్తక భాషను తమ పిల్లలు చదువుట వారికి విడుదలగా కనబడినది. ఇది చిన్న సంగతి కాదు. కాని దాని వలన ఒక నష్టము కూడ కలిగినది. దేవునితో మాట్లాడు భాష ఒకటి, ఇంటిలో ఏడ్చు భాష ఒకటి అయినది. ఇప్పటికిని మన పల్లెలలో ముసలి తల్లి ప్రార్థించుటకు లేచి, తనకు రాని మాటలు వెదకుకొనుచు ఆగిపోవుట కాపరులందరు ఎరుగుదురు.

స్పానిష్ దేశముల సాక్ష్యము

ఇది మన దేశమునకే ప్రత్యేకమైన సమస్య కాదు. స్పానిష్ మాట్లాడు దేశములకు వెళ్లిన యువ మిషనరీల చరిత్ర మనకు మంచి పోలిక. 1917లో విలియం కామెరాన్ టౌన్‌సెండ్ అను ఇరవై ఒక్క ఏండ్ల అమెరికన్ యువకుడు స్పానిష్ బైబిళ్లు అమ్ముటకు గ్వాటెమాల దేశమునకు వెళ్లారు. ఊరూరు కాలినడకన తిరిగారు. అది స్పానిష్ దేశమని వెళ్లిన ఆయనకు, కొండ పల్లెలలోని ఆదివాసులలో అనేకులకు ఆ భాష రాదని త్వరలోనే తెలిసినది. వారిది కక్చికెల్ భాష. ఆ భాషలో బైబిలు లేదు. ఆయన వెంట తిరిగిన ఫ్రాన్సిస్కో దియాస్ అను కక్చికెల్ క్రైస్తవుడు ఆయనకు తోడును, బోధకుడును అయ్యాడు. కక్చికెల్ క్రొత్త నిబంధన 1931లో వెలువడినది. ఆ అనుభవము నుండియే తరువాత వైక్లిఫ్ తర్జుమా సంస్థ పుట్టినది. పుస్తకములోని దేశభాష ఒకటి, గుడిసెలోని భాష మరొకటి. ముద్దనూరు బండిలోని యువకుడు ఎదుర్కొన్నది కూడ ఇదే.

ఇంకను వెనుకకు వెళ్తే, 1529లో మెక్సికోకు వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో దె సాహగున్ నహువాట్ భాష నేర్చుకొని ఆ ప్రజల ఆచారములను వారి భాషలోనే గ్రంథస్థము చేశారు. స్పెయిను ఆ దేశమును ఖడ్గముతో లోబరచుకొన్న కాలమది, ఆ సంగతి మరువరాదు. అయినను సాహగున్ ఒక మంచి పని చేశారు. తనకు సహాయము చేసిన స్వదేశ విద్వాంసుల పేర్లు వ్రాసిపెట్టారు: ఆంటోనియో వలేరియానో, అలోన్సో వెహెరానో, మార్టిన్ హాకొబిటా, పెద్రో దె సాన్ బ్వేనవెంచురా. దాదాపు అయిదు శతాబ్దముల తరువాత మనము ఆ పేర్లు పలుకగలుగుచున్నాము.

మన కడప మిషనరీలకు తెలుగు నేర్పిన మున్షీలలో, వారి వెంట పల్లెలు తిరిగిన ఉపదేశకులలో ఎందరి పేర్లు మనకు తెలుసు? మన సంఘ చరిత్ర పుస్తకములలో దొరల పేర్లు వరుసగా ఉన్నవి. నేర్పినవారు ‘ఒక మున్షీ’, ‘ఒక స్వదేశ ఉపదేశకుడు’ అయి మిగిలిపోయారు.

మన వారే మిషనరీలైనప్పుడు

భాషా భారము తెల్లవారికి మాత్రమే కాదు. 1903లో తిరునెల్వేలిలో ఏర్పడిన ఇండియన్ మిషనరీ సొసైటీ తమిళ సంఘముల ధనముతో తెలుగు ప్రాంతమునకు సేవకులను పంపినది. దాని స్థాపకులలో ముఖ్యుడైన వి. ఎస్. అజరయ్య 1909లో, ముప్పది ఐదవ ఏట, తానే మిషనరీగా దోర్నకల్ వచ్చారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని పల్లె సంఘములకు కాపరి అయ్యారు. 1912లో బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లము వచ్చును గదా అని ఆయన ఆగిపోలేదు.

తెలుగు వారు కూడ వెళ్లారు. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు నెల్లూరు ప్రాంతము నుండి జాన్ రంగయ్యను దక్షిణ ఆఫ్రికాలోని నాటాలుకు పంపినవి. అక్కడ ఒప్పంద కూలీలుగా చెరకు, తేయాకు తోటలలో పనిచేయుచున్న తెలుగు వారికి ఆయన వారి స్వంత భాషలోనే వాక్యము ప్రకటించారు. పరాయి దేశములో పరాయి యజమాని క్రింద ఉన్నవారికి సొంత మాటలో సువార్త వినబడుట ఎంత ఆదరణయో ఊహింపవచ్చును.

మనకు పాఠము

పెంతెకొస్తు దినమున పరిశుద్ధాత్ముడు వినువారి భాషలను ఒక్కటిగా మార్చలేదు. మాట్లాడువారి నాలుకలను మార్చెను. ఎజ్రా కాలములో లేవీయులు ధర్మశాస్త్రమును చదివి, జనులు గ్రహించునట్లు అర్థము చెప్పిరి (నెహెమ్యా 8). కనుక భాష నేర్చుకొనుట సేవకు ముందు చేయు సిద్ధపాటు కాదు, అదే సేవ అని మేము నమ్ముచున్నాము.

దీనిని బట్టి కాపరులకు, విద్యార్థులకు కొన్ని మనవులు. మొదటిది, పరభాషా ప్రాంతమునకు యౌవనస్థులను పంపు సంఘములు మొదటి సంవత్సరములోనే బాప్తిస్మముల లెక్క అడుగకూడదు. ఒక ఉపాధ్యాయుని జీతమునకు, రెండు సంవత్సరముల కాలమునకు సరిపడు సహాయము పంపవలెను. రెండవది, సెమినరీ నుండి పట్టాతో పల్లె సంఘమునకు వచ్చు యువ కాపరి తాను తెలుగువాడనే కదా అని అనుకొనరాదు. తొలి ఆరు మాసములు ముసలివారి దగ్గర, చేనిలో, రచ్చకట్ట దగ్గర కూర్చుండి ఊరి మాట నేర్చుకొనవలెను. సొంత జిల్లాలోనే ఆయన కూడ పరదేశి అయియుండవచ్చును. మూడవది, ఆరాధనలో చదువునది గ్రంథ భాషలో ఉన్నను, ప్రసంగమును ప్రార్థనయు ఇంటి మాటలో ఉండుటకు సంఘమును ధైర్యపరచవలెను. ‘పానం బాగలేదు సామీ’ అని ప్రార్థించిన తల్లిని సరిదిద్దకూడదు.

నాలుగవది, మన చేతిలో ఉన్న పని. పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, పాస్టరేటు మినిట్లు, పాఠశాల హాజరు పట్టీలు అనేక చోట్ల చెదలు తినుచున్నవి. వాటిలోనే ఉపదేశకుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు, పల్లె పంతుళ్ల పేర్లు ఉన్నవి. ప్రతి విద్యార్థి తన స్వంత సంఘపు రిజిస్టరు ఒక్కటి తీసి, అందులోని స్వదేశ సేవకుల పేర్లు వ్రాసికొని, ఆ కుటుంబముల వృద్ధులను కలిసి వారు చెప్పునది వ్రాసిపెట్టిన యెడల, పది సంవత్సరములలో ఈ జిల్లా సంఘ చరిత్ర మరియొక విధముగా వ్రాయవచ్చును. వృద్ధులు మన కొరకు ఎంతో కాలము కనిపెట్టుకొని ఉండరు. ఈ పని ఈ సెలవులలోనే ప్రారంభించవలెనని మా విన్నపము.